కెప్టెన్ లిస్టులో మావారి పేరు రాలేదు, ఉద్యోగం వదిలేయమని చెప్పనా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మావారు నేవీలో కమాండర్, ఎగ్జిక్యూటివ్ బ్రాంచి. వయసు 42, సర్వీసు 20 ఏళ్లు నిండింది. మొన్నామధ్య వరకు ఒక చిన్న యుద్ధనౌకకు కమాండింగ్ ఆఫీసర్‌గా చేశారు. కెప్టెన్ ప్రమోషన్ బోర్డులో రెండుసార్లు పేరు రాలేదు. ఇప్పుడు మూడోసారీ రాలేదు, ఇక ఇదే ఆఖరంటున్నారు. కబురు తెలిసిన రోజు ఇంటికొచ్చి మామూలుగానే అన్నం తిన్నారు. ఆ తర్వాతే మాట తగ్గిపోయింది. సాయంత్రం ఓడలు బయటికెళ్లే వేళకు క్వార్టర్స్ మేడ మీదికెళ్లి ఒక్కరే నిలబడతారు. ఆదివారాలు సెయిలింగ్‌కి వెళ్లేవారు, అదీ మానేశారు. కెప్టెన్ అయిన బ్యాచ్‌మేట్ పార్టీకి పిలిచాడు, వెళ్లాలో వద్దో తెలియడం లేదు. విజయనగరంలో మా ఆడపడుచు ఇంటి పెళ్లిలో "మనవాడికి ఎందుకు రాలేదు, ఏమైనా గొడవా?" అని నలుగురిలో అడిగేశారు. ఆయనేమో పేపర్లు పెట్టేసి బయట ఉద్యోగం చూసుకుంటానంటున్నారు. పదో తరగతి చదివే మా అబ్బాయి ఎన్‌డీఏ (సైనిక ఆఫీసర్లకు శిక్షణ ఇచ్చే అకాడమీ) పరీక్ష రాస్తానంటే వాడి మీద మొదటిసారి గట్టిగా అరిచారు, ఇంజినీరింగ్ చదువుకోమన్నారు. అయిదో తరగతి పాప కూడా ఉంది. నేనేం చెయ్యాలి?
– పేరు రాయవద్దన్న సోదరి

సమాధానం: అమ్మా, ముందు పెళ్లిలో అడిగిన ప్రశ్న సంగతి చూద్దాం. "ఏమైనా గొడవా?" అన్నది వాళ్ల నోట వచ్చినా, మీ మనసులోనూ ఓ మూల ఆ అనుమానం తొలుస్తోందని ఉత్తరం చదువుతుంటే అనిపించింది. మీరు దాన్ని పైకి అడగలేదు, అంతే.

నేవీలో కమాండర్ దాకా మెట్లు సర్వీసుతో వచ్చేవి. కోర్సులూ పరీక్షలూ పాసై, రికార్డు శుభ్రంగా ఉంటే 2 ఏళ్లకు లెఫ్టినెంట్, 6 ఏళ్లకు లెఫ్టినెంట్ కమాండర్, 13 ఏళ్లకు కమాండర్. బ్యాచ్ అంతా దాదాపు కలిసే నడుస్తుంది. కెప్టెన్ దగ్గరికి వచ్చేసరికి దారి ఒక్కసారిగా సన్నబడుతుంది. అక్కణ్ణుంచి అంతా సెలెక్షనే. ఏళ్ల తరబడి పై ఆఫీసర్లు రాసిన ఏడాది రిపోర్టులు (ఏసీఆర్‌లు), సముద్రం మీద చేసిన పని, చేసిన కోర్సులు బోర్డు ముందుకు వెళ్తాయి. వాళ్లు ఉన్న ఖాళీలకు సరిపడా పేర్లు తీసుకుంటారు. మీవారిది మంచి రికార్డే కావచ్చు. ఆ ఏడాది వరసలో ఆయన కన్నా వెంట్రుకవాసి మెరుగైనవాళ్లు ఖాళీలకు సరిపోయేంతమంది ఉంటే చాలు, పేరు రాదు. తప్పు చేసి ప్రమోషన్ ఆగడం పూర్తిగా వేరే కథ. దానికి ఎంక్వైరీ ఉంటుంది, కాగితాలుంటాయి, ఇంట్లోవాళ్లకు తెలియకుండా జరిగేది కాదు. పైగా ఆయన చేతికి ఒక ఓడనూ, అందులోని మనుషులందరినీ అప్పగించారు కదా! నమ్మకం లేనివాడికి ఓడ ఇవ్వరు.

ఖాళీలు ఎందుకంత తక్కువంటే, ఈ ఊళ్లోనే చూడండి. తూర్పు నౌకాదళం 1968లో ఇక్కడ ఏర్పడింది. ఇవాళ దాని మొత్తానికి అధిపతిగా ఉండే వైస్ అడ్మిరల్ ఒక్కరు. ఈస్టర్న్ ఫ్లీట్‌ని నడిపే రియర్ అడ్మిరల్ ఒక్కరు. 'శివాలిక్', 'సాత్పురా', 'సహ్యాద్రి' లాంటి పెద్ద యుద్ధనౌకలకు, అంటే ఫ్రిగేట్లకు, ఒక్కో దానికి ఒక్కో కెప్టెన్. మనం బీచ్ రోడ్డులో నిలబడి చూస్తే నేవీ అంటే ఎక్కడ చూసినా తెల్ల యూనిఫాంలే అనిపిస్తుంది కానీ, పైకి పోయేకొద్దీ కుర్చీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రియర్ అడ్మిరల్ 58కి, వైస్ అడ్మిరల్ 60కి రిటైరవుతారు. చీఫ్ కుర్చీ దేశం మొత్తానికి ఒక్కటే, మూడేళ్లు గానీ 62 ఏళ్ల వయసు గానీ ఏది ముందైతే అంతవరకు. అంటే ఎన్నో బ్యాచ్‌ల నుంచి ఒక్క చీఫ్ కూడా రాడు. ఇక్కడి కమాండ్ నుంచి నేరుగా ఆ కుర్చీకి వెళ్లినవాళ్లూ ఉన్నారు, 2019లో అడ్మిరల్ కరంబీర్ సింగ్ అలాగే వెళ్లారు. అలాంటివాళ్ల ఫొటోలే పేపర్లో పడతాయి కాబట్టి, కమాండర్ దగ్గర ఆగిన వందలమంది మన కంటికి ఆనరు.

కాబట్టి పెళ్లిలోనో పేరంటంలోనో మళ్లీ ఎవరైనా కదిపితే "ఖాళీలు తక్కువండీ, బోర్డు తీసుకోలేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోండి. సర్దిచెప్పడానికి పూనుకుంటే నిజంగానే ఏదో ఉందనుకుంటారు. మన బంధువుల సంగతి మీకు తెలియనిదేముంది.

ఇక అసలు విషయం. మీ ఉత్తరమంతా హోదా గురించి, పరువు గురించి రాశారు. అయితే మీకు తెలియకుండానే రెండు సంగతులు రాసేశారు: ఓడలు బయటికెళ్లే వేళకు మేడెక్కుతారనీ, సెయిలింగ్ మానేశారనీ. నా మటుకు నాకు ఆయన బాధంతా అక్కడే కనిపించింది. కమాండర్‌కి దొరికే కమాండ్ కోరా తరగతి కార్వెట్ల లాంటి చిన్న ఓడలది. అది ఆయన చేసేశారు. ఫ్రిగేట్, డిస్ట్రాయర్ లాంటి పెద్ద ఓడ కావాలంటే సెలెక్షన్‌లో కెప్టెన్ అవ్వాలి. యుద్ధనౌక బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపించే చోట, కమాండింగ్ ఆఫీసర్‌కని ఒక కుర్చీ ఉంటుంది. చుట్టూ ఎంతమంది గంటల తరబడి వాచ్‌లో నిలబడినా దాంట్లో ఇంకొకరు కూర్చోరు. సబ్ లెఫ్టినెంట్‌గా మొదటిసారి బ్రిడ్జి ఎక్కిన కుర్రాడు ఆ కుర్చీని చూస్తూ పెరుగుతాడు. ఒకసారి చిన్న ఓడలో దాంట్లో కూర్చుని లేచిన మనిషికి, ఇక పెద్ద ఓడలో ఆ కుర్చీ రాదు అని తెలియడం మామూలు దెబ్బ కాదు. "పోనీలెండి, జీతం వస్తోందిగా" అని ఓదారిస్తే ఆయన ఇంకా ముడుచుకుపోతారు. దాన్ని దెబ్బగానే ఒప్పుకోండి. మేడ మీదికెళ్లినప్పుడు ఒకరోజు మీరూ వెళ్లి, "అది ఏ ఓడ?" అని అడగండి. ప్రమోషన్ మాట ఎత్తకండి.

26 ఏళ్ల సర్వీసు నిండితే సెలెక్షన్‌లో రానివాళ్లకూ టైమ్ స్కేల్ కెప్టెన్ ఇస్తారు. అంటే ఇంకో ఆరేళ్లు ఉంటే ఆయన భుజం మీద కూడా నాలుగు స్ట్రైపులు పడతాయి. విజయనగరంలో ఎవరికీ తేడా తెలియదు. ఆయనకు తెలుస్తుంది. అందుకని "ఎలాగూ కెప్టెన్ అవుతారు కదా" అన్న ఓదార్పు కూడా వద్దు. డబ్బు పరంగా చూస్తే మాత్రం మీరు అనుకుంటున్నంత తేడా లేదు. ఏడో పే కమిషన్ లెక్కలో కమాండర్ బేసిక్ 1,21,200 దగ్గర మొదలవుతుంది, సెలెక్షన్ కెప్టెన్‌ది 1,30,600 దగ్గర. మిలిటరీ సర్వీస్ పే ఇద్దరికీ ఒకటే, 15,500.

పెద్ద హోదా ఉంటేనే పెద్ద పని చేసినట్టు కాదనడానికి ఈ ఊరివాళ్లకు ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. బీచ్ రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' స్తూపం ముందు నుంచి రోజూ వెళ్తూనే ఉంటాం. 1971 డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మన హార్బర్ బయట మునిగింది. అది ఎలా మునిగిందన్న దాని మీద వాదనలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రాత్రి హార్బర్ దాటి వెళ్తూ డెప్త్ చార్జీలు (నీటి లోపల పేలే బాంబులు) వేసిన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ కమాండింగ్ ఆఫీసర్ ఇందర్ సింగ్ అప్పుడు లెఫ్టినెంట్ కమాండర్, మీవారి కన్నా ఒక మెట్టు కింద. రెండో వైపు చూస్తే, చీఫ్ అయినంత మాత్రాన అంతా సాఫీగా ముగుస్తుందనీ లేదు. 2014 ఫిబ్రవరిలో సింధురత్న జలాంతర్గామిలో ప్రమాదం జరిగితే, అడ్మిరల్ డి.కె. జోషి నైతిక బాధ్యత వహించి, ఇంకా ఏడాదికి పైగా పదవీకాలం ఉండగానే రాజీనామా చేశారు. ఇవన్నీ మీకోసం చెబుతున్నాను. ఆయనకు చెప్పకండి. ఆయనకివన్నీ నాకన్నా బాగా తెలుసు, నీతికథలా వినిపిస్తే చిరాకు పడతారు.

ఉద్యోగం వదిలే విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇప్పుడు వద్దు. ఎప్పటికీ వద్దని కాదు. ఈ కోపంలో వద్దు. ఒక ఆరు నెలలైనా పోనివ్వండి, ఈలోగా లెక్కలు వేయండి.

ఆఫీసర్‌కి పింఛను రావాలంటే 20 ఏళ్ల సర్వీసు ఉండాలి, మీవారికి అది ఇప్పుడే నిండింది. బోర్డులో పేరు రానివాళ్లలో చాలామందికి సరిగ్గా ఈ వయసులోనే వదిలేద్దామన్న ఆలోచన రావడానికి అదో కారణం. పింఛను ఆఖరి జీతంలో సగం. అందులో 50 శాతం దాకా కమ్యూట్ చేసి ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు, అలా తగ్గిన భాగం 15 ఏళ్ల తర్వాత తిరిగి కలుస్తుంది. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ ఉంటుంది. ఇంతవరకు బాగానే ఉంది. అందరూ తొందరలో మరిచిపోయేది ఒకటుంది. 2014 జూలై 1 తర్వాత సొంతంగా కోరి ముందే రిటైరైనవాళ్లను ప్రభుత్వం వన్ ర్యాంక్ వన్ పెన్షన్ నుంచి తప్పించింది. అంటే కొన్నేళ్లకోసారి పాత పింఛన్లను కొత్తవాళ్లతో సమానంగా సవరించినప్పుడు ఆ పెరుగుదల వాళ్లకు రాదు. 42 ఏళ్ల మనిషికి ముందు ఇంకో ముప్పై నలభై ఏళ్ల పింఛను ఉందనుకుంటే ఇది చిన్న మొత్తం కాదు. దీని మీద ట్రిబ్యునళ్లలో కేసులు కూడా నడిచాయి. అందుకని దరఖాస్తు పెట్టే ముందు ఈ రోజుకు నిబంధన ఎలా ఉందో రాతపూర్వకంగా కనుక్కోమనండి. మెస్‌లో ఎవరో చెప్పినదాని మీద ఆధారపడొద్దు. ముందస్తు రిటైర్మెంటు అడగ్గానే ఇచ్చేది కూడా కాదు, కారణం చూస్తారు, సర్వీసు అవసరం చూస్తారు.

వదిలితే క్వార్టర్స్ ఖాళీ చేయాలి. ఇంటి అద్దె, అబ్బాయి ఇంటర్, పాప స్కూలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఉంటే 54 దాకా ఉండొచ్చు, అంటే ఇంకో పన్నెండేళ్లు. ప్రమోషన్ పరుగు అయిపోయింది కాబట్టి పిల్లల చదువు కారణంగా ఫలానా చోట పోస్టింగ్ ఇవ్వమని ఇప్పుడు అడిగి చూడొచ్చు. ఇన్నేళ్లూ ఓడ మీద చేసే కాలం (సీ-టైమ్) పోతుందేమో, కోర్సు పోతుందేమో అన్న భయంతో అడిగి ఉండరు. శిక్షణ ఇచ్చే చోటు అయితే ఇంకా మంచిది. బ్రిడ్జి మీద వాచ్ ఎలా చూడాలో, ఇరుకు చానెల్లోంచి ఓడను ఎలా తీయాలో కుర్రాళ్లకు నేర్పడానికి కమాండ్ చేసి వచ్చిన మనిషి కన్నా ఎవరు పనికొస్తారు? మీరు నోట్‌బుక్‌లో రెండు పేజీల్లో రాయండి: ఉంటే నెలకు ఇంత, వదిలితే ఇంత. చాలా ఇళ్లలో ఈ రెండు పేజీలు రాయకుండానే గొడవ పడతారు.

ఏసీఆర్‌లో అన్యాయం జరిగిందని ఆయనకు గట్టి నమ్మకం ఉంటే, దాన్ని సరిదిద్దమని ఫిర్యాదు చేసే (రెడ్రెసల్) హక్కు నేవీ చట్టంలోనే ఉంది, ఆపైన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది. కానీ అది ఆయన నిర్ణయం. మీరు "కేసు వేయండి" అని ఎగదోయకండి.

ఆరు నెలల తర్వాత కూడా బయటికే వెళ్తానంటే, ఈ ఊరు ఆయనకు చెడ్డ ఊరేమీ కాదు. 1933 నుంచి నడుస్తున్న పోర్టు ఉంది, పక్కన గంగవరం ఉంది. 1941లో మొదలైన హిందుస్థాన్ షిప్‌యార్డ్ 2010 నుంచి రక్షణశాఖ కిందే ఉంది, అక్కడ మాజీ నేవీ ఆఫీసర్లు కొత్త కాదు. సబ్బవరం దగ్గర ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది. రిటైరయ్యేవాళ్ల కోసం సైనికుల పునరావాసం చూసే డీజీఆర్ వాళ్లు ఐఐఎంలలో మేనేజ్‌మెంట్ కోర్సులు పెట్టిస్తారు, నేవీకి సొంత ప్లేస్‌మెంట్ ఏజెన్సీ ఉంది. అయితే ఆయన్ను ఒక ప్రశ్న వేసుకోమనండి: పొద్దున్నే లేచి కార్పొరేట్ ఆఫీసులో తనకన్నా పదేళ్లు చిన్నవాడికి రిపోర్టు చేయడం నాకు పడుతుందా? పడుతుందంటే సరే. బ్యాచ్‌మేట్‌కి సెల్యూట్ చేయాల్సి వస్తుందన్న ఒక్క బాధతో వెళ్తే మాత్రం అక్కడా ఇదే మొదలవుతుంది.

సెయిలింగ్ మళ్లీ మొదలుపెట్టమని పోరండి. భార్య పోరితే వినే మనుషులే వీళ్లు, పైకి ఒప్పుకోరు గానీ. ఆ పనిలో స్ట్రైపులతో సంబంధం లేదు. ఒంటరిగా తెరచాప పడవ మీద ప్రపంచం చుట్టివచ్చిన మొదటి భారతీయుడు దిలీప్ దోందే అప్పుడు కమాండరే. అభిలాష్ టామీ 2021లో కమాండర్‌గా సర్వీసు వదిలి, ఒంటరిగా పడవలో ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో 2023లో రెండో స్థానంలో వచ్చారు, అదీ 2018 రేసులో నడుం విరిగి నడిసముద్రంలో చిక్కుకున్న తర్వాత. 2017-18లో 'తారిణి' పడవ మీద భూమి చుట్టి వచ్చిన ఆరుగురు మహిళా ఆఫీసర్లలో పి. స్వాతి మన విశాఖ అమ్మాయే. మీవారిని ప్రపంచం చుట్టి రమ్మనడం లేదు. ఆదివారం పొద్దున రెండు గంటలు నీళ్ల మీద ఉంటే మనిషి కుదుటపడతాడు.

బ్యాచ్‌మేట్ పార్టీకి వెళ్లండి. ఇద్దరూ వెళ్లండి. మొదటి అరగంట కష్టంగా ఉంటుంది, ఆ ఇంటి ఆవిడకు కూడా ఇబ్బందిగానే ఉంటుంది, మీ మొహం చూసి ఏం మాట్లాడాలో తెలియక "చీర బాగుంది" అంటుంది. నవ్వి ఊరుకోండి. నేవీ కాలనీల్లో భర్తల సీనియారిటీ లేడీస్ కూర్చునే వరసలోకి కూడా వచ్చేస్తుందని మీకు నేను చెప్పాలా? ఈసారి వెళ్లకపోతే తర్వాతిసారి ఇంకా కష్టమవుతుంది. త్వరగా బయల్దేరాలనుకుంటే పాపకు స్కూలుందని చెప్పి లేవండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఒక్క విషయంలో మాత్రం ఆరు నెలలు ఆగొద్దు. నిద్ర పూర్తిగా పోయినా, తాగడం పెరిగినా, "నేనున్నా లేకపోయినా ఒకటే" లాంటి మాట ఆయన నోట వచ్చినా అదే రోజు కదలండి. నేవీ వాళ్ల కల్యాణి ఆసుపత్రికి వెళ్తే మెడికల్ కేటగిరీ (సర్వీసులో రాసే ఆరోగ్య స్థాయి) పోతుందేమోనని ఆఫీసర్లు జంకుతారు. ఆ జంకు ఉంటే ముందు 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి-మానస్ లైను, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ప్రాణం మీదికొచ్చే మాట అన్నప్పుడు కేటగిరీ గురించి ఆలోచించకండి.

అబ్బాయి సంగతి. తండ్రి వాడి మీద అరిచింది వాడికోసం కాదు, తన కోసం. అది వాడికి మీరు చెప్పాలి, తండ్రి లేనప్పుడు. తొందరేం లేదు కూడా. ఎన్‌డీఏకి పదహారున్నర ఏళ్లు నిండాలి, పంతొమ్మిదిన్నర దాటకూడదు. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. నేవీ కావాలంటే ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి కాబట్టి ఎంపీసీ తీసుకుంటే చాలు, తండ్రి చెప్పిన ఇంజినీరింగ్ దారీ మూసుకుపోదు. జేఈఈ మెయిన్ ర్యాంకుతో కేరళలోని ఎళిమల నేవల్ అకాడమీలో బీటెక్ చేస్తూనే ఆఫీసర్ అయ్యే టెన్ ప్లస్ టూ ఎంట్రీ కూడా ఉంది, తండ్రీకొడుకుల మాటలు రెండూ అక్కడ కలుస్తాయి. 2022 నుంచి ఎన్‌డీఏలో అమ్మాయిల్నీ తీసుకుంటున్నారు, కాబట్టి పాప పెద్దయ్యాక తనూ అడిగితే ఆశ్చర్యపోకండి. ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ అయిదు రోజులు, అక్కడ తండ్రి హోదా ఎవరూ అడిగి మార్కులు వేయరు. ఈ ఏడాది వాడికి చేయాల్సిన పని ఒక్కటే. కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి చూపుతో పాటు కలర్ విజన్ కూడా పరీక్ష చేయించండి. అది సరిగా లేక ఆఖర్లో మెడికల్‌లో పోయే పిల్లలున్నారు, రెండేళ్లు కోచింగ్ చదివాక ఆ మాట వినడం కన్నా ఇప్పుడే తెలుసుకోవడం నయం. వీలైతే ఆ డాక్టర్ దగ్గరికి వాణ్ణి వాళ్ల నాన్ననే తీసుకెళ్లమనండి.